తక్కువ తిరిగేవాళ్లకే పాత కారు

"ఇంకో రెండు లక్షలు వేసుకుంటే కొత్తదే వస్తుంది కదా!"

సెకండ్ హ్యాండ్ కారు కొంటానని ఇంట్లో అన్నా, ఆఫీసులో అన్నా ముందు వినపడే మాట ఇదే. వెంటనే ఇంకొకరు అందుకుంటారు: "పాత కారంటే మెకానిక్‌ని పోషించడమే." దీనికి ఎదురు వాదన కూడా అందరికీ కంఠతా వచ్చు. "షోరూమ్ గేటు దాటగానే కొత్త కారు లక్ష పడిపోతుంది, తెలివున్నవాడు పాతదే కొంటాడు" అని. నన్నడిగితే మూడింటిలోనూ సగమే నిజం. పాత కారు లాభమో నష్టమో తేల్చేది కారు కాదు, కొనేవాడు నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాడన్న లెక్క. ఎక్కువ తిరిగేవాళ్లు కొత్తది, లేదా కొత్తదానికి దగ్గరగా ఉన్నది కొనాలి. తక్కువ తిరిగేవాళ్లు పాతది కొనాలి. మన దగ్గర సరిగ్గా దీనికి రివర్స్‌లో జరుగుతుంది. రోజూ అరవై కిలోమీటర్లు ఆఫీసుకి వెళ్లొచ్చే కుర్రాడు, చేతిలో డబ్బు లేదని పన్నెండేళ్ల డీజిల్ కారు కొంటాడు. నెలకి రెండుసార్లు గుడికి, ఒకసారి ఆస్పత్రికి వెళ్లే రిటైర్డ్ దంపతులు ఎనిమిది లక్షలు పోసి కొత్త కారు కొని, దాని మీద కవర్ కప్పి ఉంచుతారు.

కారు విలువ క్యాలెండర్‌ని బట్టి పడిపోతుంది. పార్కింగ్‌లో ఉన్నా రోడ్డు మీద ఉన్నా ఏడాది గడిస్తే మోడల్ ఒక ఏడాది పాతబడినట్టే. రిపేర్లు మాత్రం చాలావరకు తిరుగుడుని బట్టి వస్తాయి. క్లచ్ ప్లేట్లు, బ్రేకు ప్యాడ్లు, షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు అన్నీ అంతే. (టైర్లు, బ్యాటరీ, రబ్బరు పైపులు ఊరికే ఉన్నా ముసలివవుతాయి. వాటి సంగతి తర్వాత.) తక్కువ తిరిగే మనిషి కొత్త కారు కొంటే, తను ఎక్కని కిలోమీటర్లకి కూడా తరుగుదల కడుతున్నాడన్నమాట. ఎక్కువ తిరిగే మనిషి పాత కారు కొంటే, ముందు ఓనర్ వాయిదా వేసిన రిపేర్లన్నీ తన నెత్తినేసుకుంటున్నాడు.

కాగితం మీద పెట్టి చూద్దాం. అంకెలు నేను వేసుకున్నవి, మీరు మీ ఊరి ధరలు వేసుకోండి. రోడ్డెక్కేసరికి 7 లక్షలయ్యే కొత్త చిన్న కారు ఒకటి తీసుకుందాం. చేతి నుంచి 2 లక్షలు, మిగతా 5 లక్షలు 9.5 శాతం వడ్డీకి ఐదేళ్ల లోను. ఈఎంఐ సుమారు 10,500 వస్తుంది, ఐదేళ్లలో కట్టే వడ్డీయే 1.3 లక్షలు. ఐదేళ్లు వాడి 3.75 లక్షలకి అమ్మారనుకుంటే తరుగుదల ఏడాదికి 65 వేలు. దానికి వడ్డీ 26 వేలు, ఇన్సూరెన్స్ సగటున 20 వేలు, సర్వీసింగ్ 7 వేలు కలపండి. పెట్రోలు కాకుండా ఏడాదికి 1.18 లక్షలు.

ఇటుపక్క 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 2.5 లక్షలు, మొత్తం నగదు. మూడేళ్లు వాడి లక్షకి అమ్మితే ఏడాదికి 50 వేలు తరుగుదల. ఇన్సూరెన్స్ 8 వేలు. సర్వీసు, రిపేర్లు కలిపి 35 వేలు. మొత్తం 93 వేలు.

తేడా ఏడాదికి పాతికవేలు. అంతేనా అంటే అంతే. "పాతది కొంటే సగానికి సగం మిగులుతుంది" అనే వాళ్లు కారు ధరని మాత్రమే చూస్తున్నారు. ఇంకా చెప్పాలంటే ఆ 35 వేల దగ్గర 60 వేలు రాసి చూడండి, పాతికవేలూ ఆవిరైపోతాయి. నెలకి 1,500 కిలోమీటర్లు తిరిగే మనిషికి పన్నెండేళ్ల కారు మీద ఏడాదికి 60 వేలు ఖర్చవడం విశేషమేమీ కాదు. నెలకి 400 తిరిగే మనిషి మొదటి ఏడాదే పెండింగ్ పనులన్నీ చేయించేసుకుంటే, తర్వాత 15, 20 వేలతో గడిచిపోతుంది. అక్కడ పాత కారు నిజంగా గెలుస్తుంది.

ఈ లెక్కలోకి రానిది ఒకటుంది. పాత కారుకి ఈఎంఐ ఉండదు. ప్రైవేటు ఉద్యోగం చేసేవాడికి నెలనెలా పదివేల ఐదొందలు కట్టాల్సిన పని లేకపోవడం పాతికవేల మిగులు కంటే పెద్ద సంగతే కావచ్చు. దానికి వెల కట్టడం నావల్ల కాదు, ఎవరి టెన్షన్ వాళ్లకే తెలుస్తుంది.

ఇంకో విషయం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, పైన ఉండే సెస్ పోయింది. ఆల్టో కే10, ఎస్-ప్రెస్సో లాంటివి ఎక్స్‌షోరూమ్ 4 లక్షల లోపు మొదలయ్యాయి. కొత్తది తగ్గినప్పుడు పాతదీ తగ్గాలి. "పోయినేడు ఇదే మోడల్ మూడుంబావుకి ఇచ్చాను సార్" అని పాత కార్లమ్మే కన్సల్టెన్సీ ఆయన అంటే, అది పోయినేటి మాట అని మర్యాదగానే చెప్పొచ్చు.

మా బాబాయ్‌ది తెనాలి. రిటైరయ్యాక ఒక కారుంటే బాగుంటుందని చాలాకాలం నానబెట్టి చివరికి ఒకరోజు ఫోన్ చేశాడు. రెండు బళ్లు చూశాడట. ఒకటి 2013 స్విఫ్ట్ డీజిల్, 1,12,000 కిలోమీటర్లు, 2.9 లక్షలు చెబుతున్నారు. రెండోది 2014 వ్యాగన్ఆర్ పెట్రోల్, 68,000 కిలోమీటర్లు, 2.4 లక్షలు. మనసంతా స్విఫ్ట్ మీదే ఉంది.

"డీజిలు కదరా, మైలేజీ ఇస్తుంది."

"నెలకి ఎంత తిరుగుతావు బాబాయ్?"

"ఎంతేముందిరా, గుంటూరు ఆస్పత్రికి ఒకసారి, విజయవాడ మీ పిన్ని వాళ్లింటికి ఒకటి రెండుసార్లు, పెళ్లిళ్లూ పేరంటాలూ."

ఎంత ఉదారంగా వేసినా నెలకి 400 దాటలేదు. అంటే ఏడాదికి 4,800 కిలోమీటర్లు. వ్యాగన్ఆర్ లీటరుకి 16, స్విఫ్ట్ 20 ఇస్తుందనుకుందాం. పెట్రోలు 109, డీజిల్ 97 రూపాయలు వేసుకుంటే పెట్రోలుకి సుమారు 32,700, డీజిలుకి 23,300. ఏడాదికి మిగిలేది 9,400. పన్నెండేళ్ల కామన్ రైల్ డీజిల్‌లో ఒక ఇంజెక్టర్ల పని గానీ, టర్బో పని గానీ వచ్చిందంటే కొన్నేళ్ల మిగులు ఒక మధ్యాహ్నంలో తుడిచిపెట్టుకుపోతుంది. ఆ స్విఫ్ట్‌లో ఉన్నది ఫియట్ వాళ్ల 1.3 లీటర్ల మల్టీజెట్. 1,248 సీసీ. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటో, ఇలా ఇన్ని కార్లలో వాడారు కాబట్టే సరదాగా దాన్ని 'జాతీయ ఇంజిన్' అంటారు. మంచి ఇంజినే. ఏ ఊళ్లో అయినా చేసే మెకానిక్ దొరుకుతాడు. అయితే దానికి లాంగ్ డ్రైవ్ కావాలి. చిన్న చిన్న ట్రిప్పులతో ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వు) మసి పట్టి మూసుకుపోతుంది, నిలబెట్టి ఉంచితే బ్యాటరీ దిగిపోతుంది. విజయవాడ, హైదరాబాద్ మధ్య వారం వారం తిరిగే మనిషికి అది సరైన బండి. బాబాయ్‌కి కాదు.

ఏ కారైతే మంచిది అని నన్నడిగే వాళ్లకి నేను చెప్పేది చాలా చప్పగా ఉంటుంది. ఎక్కువగా అమ్ముడైన మోడల్, మామూలు పెట్రోల్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు. విజయవాడ ఆటోనగర్‌లో మారుతి లోయర్ ఆర్మ్ అడిగితే ఒరిజినల్ కావాలా, వేరే కంపెనీది కావాలా, తీసిన సామాను కావాలా అని ఎదురు ప్రశ్న వేస్తారు. దేశం వదిలి వెళ్లిపోయిన కంపెనీల బళ్లకి ఆ సుఖం లేదు. జనరల్ మోటార్స్ 2017 చివరికల్లా ఇక్కడ షెవ్రోలే అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఫోర్డ్ కార్లను ఇప్పటికీ ప్రాణంగా చూసుకునే వాళ్లున్నారు, తొక్కుతుంటే ఎందుకో అర్థమవుతుంది కూడా. కానీ అది ఇష్టం కొద్దీ కొనుక్కునే కారు. ఇంటి అవసరానికి ఉన్నది ఒకే కారైనప్పుడు, ఒక పార్టు కోసం వారం రోజులు బండి షెడ్డులో ఉండిపోతే ఆ ఇష్టం పనికిరాదు.

ఇక పన్నెండేళ్ల జర్మన్ సెడాన్ కొత్త ఆల్టో ధరకే వస్తుందని మురిసిపోయేవాళ్లు కొందరుంటారు. కారు ధర పడిపోయింది గానీ పార్టుల ధర పడిపోలేదు. నలభై లక్షల కారు హెడ్‌లైటు ఇవాళ్టికీ నలభై లక్షల కారు హెడ్‌లైటే. 7-స్పీడ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ పోతే బిల్లు లక్ష దాటొచ్చు. తీరా వదిలించుకుందామంటే కొనేవాడు ఉండడు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడివి అని ఊరికే అన్లేదు.

పాత కారు దగ్గరికి వెళ్లినప్పుడు అందరూ చూసేది రీడింగ్. నేను రీడింగ్‌ని దాదాపు పట్టించుకోను. డిజిటల్ మీటర్ వెనక్కి తిప్పడానికి ఇప్పుడు లాప్‌టాప్, ఒక కేబుల్ చాలు. పైగా మన రెండు రాష్ట్రాల్లో అమ్మకానికొచ్చే ప్రతి కారూ ఎవరో ఒక డాక్టరు గారిదే, "క్లినిక్‌కీ ఇంటికీ తప్ప తిరగలేదు సార్" అంటారు. ఇంతమంది డాక్టర్లు కార్లు అమ్ముకుంటూ కూర్చుంటే పేషెంట్లని ఎవరు చూస్తున్నారో తెలియదు. రీడింగ్ 38,000 అని చూపిస్తూ బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ తళతళా మెరుస్తూ, డ్రైవర్ సీటు ఒకపక్కకి కుంగిపోయి ఉంటే ఏది అబద్ధం చెబుతోందో వేరే చెప్పక్కర్లేదు.

టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. నాలుగు టైర్లూ నాలుగు వేర్వేరు సంవత్సరాలవైతే ఓనర్ ఎలా మెయింటెయిన్ చేశాడో తెలిసిపోతుంది. పైన గీతలు బాగానే ఉన్నా ఆరేళ్లు దాటిన టైర్లని నేను మార్చాల్సినవిగానే లెక్కేస్తాను. మన వేసవిలో రబ్బరు గట్టిపడి పక్కల పగుళ్లిస్తుంది. అద్దాల మీద కూడా తయారీ సంవత్సరం ముద్రించి ఉంటుంది. అన్నీ కారు వయసువై ఉండి ఎడమ వెనక డోరు అద్దం మాత్రం నాలుగేళ్లు చిన్నదైతే, ఆ పక్క ఏదో తగిలిందన్నమాట. రాయి తగిలి ఉండొచ్చు, లారీ తగిలి ఉండొచ్చు. డోరు రబ్బరు బీడింగ్ కొంచెం లాగి చూస్తే పిల్లర్ అంచున కంపెనీ వెల్డింగు గుండ్రటి చుక్కలు వరసగా కనిపిస్తాయి. టింకరింగ్ చేసినచోట ఆ వరస ఉండదు, లేదా పుట్టీ కింద కప్పబడిపోయి ఉంటుంది. బంపరు, ఫెండరు, డోరు పెయింటు వేయించి ఉంటే నాకు అభ్యంతరం లేదు. మన రోడ్ల మీద పన్నెండేళ్లు తిరిగి గీత పడని కారుంటేనే అనుమానించాలి. పిల్లర్, ఛాసిస్, ముందు ఆప్రాన్ (బోనెట్ కింద పక్క రేకులు) జోలికి వెళ్లి ఉంటే మాత్రం ధర ఎంత తగ్గించినా వద్దు.

బండి చూడటానికి వస్తున్నానని చెప్పేటప్పుడే "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పాలి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వేడిగా ఉందంటే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవ్వడంలో ఏదో ఇబ్బంది ఉండి ముందే వేడి చేసి పెట్టి ఉండొచ్చు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే వచ్చే శబ్దం, పొగ చాలా సంగతులు చెబుతాయి. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. తెల్ల పొగ వేడెక్కాక కూడా ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ అనుమానం. డీజిల్‌లో నల్ల పొగ ఎక్కువైతే ఇంజెక్టర్లు, టర్బో, ఈజీఆర్ చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి అక్కడే వదులుగా పెడితే, మూత ఎగిరెగిరి పడేలా గాలి తన్నుతోందంటే లోపల రింగులు అరిగాయని. మూత అడుగున కాఫీ మీద మీగడలా తెల్లటి జిగురు కనిపిస్తే ఆయిల్లో నీళ్లు చేరుతున్నాయి. (వానాకాలంలో పొట్టి ట్రిప్పులు తిరిగిన బండికి కొంచెం తెలుపు ఉంటుంది, దానికే పారిపోనక్కర్లేదు.) రేడియేటర్‌లో కూలెంట్ బదులు తుప్పు నీళ్లుంటే, పదేళ్లుగా బోరు నీళ్లు పోసి నడిపారని అర్థం.

ఏసీ గురించి మనవాళ్లు "చల్లగా వస్తోందా" అని అర నిమిషం చెయ్యి పెట్టి చూసి వదిలేస్తారు. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకి, ట్రాఫిక్‌లో నిలబడినట్టుగా బండిని కదపకుండా ఇరవై నిమిషాలు వేసి చూడండి. గ్యాసు తక్కువైతే నింపుకోవచ్చు. కూలింగ్ కాయిల్ లీకైతే డ్యాష్‌బోర్డు విప్పాలి. అలా ఒకసారి విప్పిన డ్యాష్‌బోర్డు తర్వాత జీవితాంతం గలగలమంటూనే ఉంటుంది.

నడిపేటప్పుడు మ్యూజిక్ సిస్టమ్ కట్టేయండి. అమ్మేవాళ్లకి సరిగ్గా ఆ టైములోనే స్పీకర్లు ఎంత బాగున్నాయో చూపించాలనిపిస్తుంది. స్టీరింగ్ పూర్తిగా ఒకపక్కకి తిప్పి నెమ్మదిగా కదిలితే టకటకమంటే యాక్సిల్ జాయింట్లు. స్పీడ్ బ్రేకర్ మీద ఒక చక్రం తర్వాత ఒకటి ఎక్కేలా ఏటవాలుగా పోనిస్తే సస్పెన్షన్ మాట్లాడుతుంది. క్లచ్ మొత్తం పైకి వచ్చాక గానీ బండి కదలకపోతే ప్లేట్లు చివరికొచ్చాయి. ఇవేవీ కొనకూడదనడానికి కారణాలు కావు, బేరానికి కారణాలు. క్లచ్, బుష్‌లు, టైర్లు, బ్యాటరీ ఎంతవుతుందో మీ మెకానిక్ అక్కడికక్కడ చెప్పగలడు. ఆ మొత్తాన్ని ధరలోంచి తీసి మాట్లాడాలి.

మెకానిక్‌ని తీసుకెళ్లినా అడగని కాగితం ఒకటుంది, పాత ఇన్సూరెన్స్ పాలసీ. అందులో నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) శాతం రాసి ఉంటుంది. క్లెయిమ్ లేని ప్రతి ఏడాదికీ అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. 50 ఉందంటే ఆ ఓనర్ వరసగా కనీసం ఐదేళ్లు ఏ క్లెయిమూ చేయలేదని. సున్నా ఉంటే ఎందుకని అడగండి. పాలసీ లాప్స్ అయి తొంభై రోజులు దాటినా బోనస్ పోతుంది, కాబట్టి సున్నా అనగానే యాక్సిడెంటు అనుకోనక్కర్లేదు. అడిగినప్పుడు వచ్చే జవాబు ఎంత తడబడుతుందో చూస్తే సరిపోతుంది.

మునిగిన బళ్ల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఎన్ని కార్లు నీళ్లలో ఉన్నాయో అందరం టీవీల్లో చూశాం. అవన్నీ తుక్కుకే వెళ్లాయని నేను నమ్మను. సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగి చూడండి, పైన కడుగుతారు గానీ లోపల చుట్టుకున్న భాగంలో బురద గీత ఉండిపోతుంది. సీటు కింది పట్టాల మీద తుప్పు, స్పేర్ వీల్ గుంటలో ఒండ్రు, కార్పెట్ ఎత్తితే వాసన, ఇవన్నీ చూడాలి. కారులో సెంటు వాసన మరీ గుప్పుమంటే ఇంకా జాగ్రత్తగా చూడాలి. మునిగిన బండికి ఇంజిన్ బాగుచేయొచ్చు, వైరింగ్‌లో మొదలైన తుప్పు ఎప్పుడు ఏ కనెక్టర్‌ని తింటుందో ఎవరూ చెప్పలేరు. విశాఖ, కాకినాడ బీచ్‌కి దగ్గరగా ఏళ్ల తరబడి ఉన్న బళ్లకి కూడా అడుగు భాగం తప్పకుండా పైకెత్తి చూడాలి. ఆ ఉప్పు గాలికి పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది, కింద సైలెన్సరు చేత్తో నలిపితే రాలుతుంది.

ఢిల్లీ బళ్ల సంగతి వేరు. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ కార్లని అక్కడ తిరగనివ్వొద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పడం, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించడంతో అక్కడి ధరలు పడిపోయాయి. ఇన్నోవాలు, ఫార్చ్యూనర్లు ట్రక్కులెక్కి మన కన్సల్టెన్సీలకి వచ్చాయి. ధర చూస్తే నోరూరుతుంది. దానికి అక్కడి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే కాగితం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు కలిపి చూసుకోండి. "నంబర్ మేమే మార్చిస్తాం" అన్న మాటని మొత్తం డబ్బు ఇచ్చేముందు కాగితం మీద చూసుకోండి.

అసలు పాత కారుకి గడువు రాసి ఉండేది ఆర్‌సీ మీదే. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 2025 ఆగస్టులో 10,000 చేశారు. పైన గ్రీన్ ట్యాక్స్ అదనం. అందుకే నేను ధరని మిగిలిన సంవత్సరాలతో భాగించి చూస్తాను. 2011 మోడల్ లక్షన్నరకి, 2014 మోడల్ రెండున్నరకి వస్తుంటే మొదటిదే చౌకగా కనిపిస్తుంది. మొదటిదాని గడువు 2026తో సరి. రెండోది 2029 దాకా ఉంటుంది, అమ్ముకోవడానికి ఒక కొనుగోలుదారు కూడా ఉంటాడు. హైదరాబాద్‌లో ఏపీ 09, ఏపీ 28 నంబరు కనిపించిందంటే అది 2014 జూన్ ముందు బండి అని దూరం నుంచే లెక్కేసుకోవచ్చు.

20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వచ్చాక పాత బళ్ల వాళ్లు కొత్త టెన్షన్ పెట్టుకున్నారు. దానికి తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ పార్టులు తప్పనిసరైంది 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లకే. మైలేజీ కొంత తగ్గుతుంది. పాత బండిలో ఫ్యూయల్ పైపులు, సీళ్లు ఒకసారి మార్పించుకుని, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచకుండా చూసుకోవడం మంచిది. దీనికోసం మాత్రం కొనే ఆలోచనే మానుకోవాలని నేననను.

నా వాదనకి నిజంగా గట్టి దెబ్బ తగిలేది సేఫ్టీ దగ్గర. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సేఫ్టీ పరీక్షల సంస్థ మన దేశంలో అమ్మే ఐదు చిన్న కార్లని గుద్ది చూస్తే, ఎయిర్‌బ్యాగులు లేని వేరియంట్లు ఐదింటికీ వచ్చినవి సున్నా స్టార్లు. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. ఇప్పుడు మనం కొనబోయే పాత కార్లు సరిగ్గా ఆ కాలానివే. ఏబీఎస్ (గట్టిగా బ్రేకేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగులు అప్పట్లో చాలావరకు పై వేరియంట్లకే ఇచ్చేవాళ్లు. రెండు ముందు ఎయిర్‌బ్యాగులు అన్ని కొత్త కార్లకీ తప్పనిసరి అయింది 2022 జనవరి నుంచి. ఇప్పుడు ఆల్టో కే10లో కూడా ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి. కాబట్టి పిల్లల్ని ఎక్కించుకుని నెలకోసారి రాత్రిపూట హైవే మీద ఊరెళ్లే కుటుంబం నన్నడిగితే, పాత కారు వద్దనే చెబుతాను, లెక్కలో ఎంత మిగిలినా సరే. ఊళ్లో నలభై స్పీడులో తిరిగేవాళ్లకి చెప్పేది వేరు: రెండేళ్లు పాతదైనా సరే, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులున్న వేరియంటే తీసుకోండి. అలాయ్ వీల్స్, టచ్ స్క్రీన్ బయట వేయించుకోవచ్చు, ఇవి వేయించుకోలేం.

బాబాయ్ చూసిన వ్యాగన్ఆర్‌లో ఇవి రెండూ లేవు. ఆ మాట చెప్పాను. అదే కన్సల్టెన్సీలో వెతికిస్తే వారం తర్వాత ఇంకోటి తగిలింది. అదే సంవత్సరం, రంగు బాబాయ్‌కి నచ్చలేదు, రీడింగ్ ఇంకో పదివేలు ఎక్కువ, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులున్న వేరియంట్, 2.55 చెబుతున్నారు. పాలసీలో 50 శాతం బోనస్, టైర్లు చివరికొచ్చాయి. నా ఓటు దానికే వేశాను.

బేరం తెగాక చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. అసలు జాగ్రత్త అక్కడే కావాలి. ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని "తర్వాత చేయించుకుంటాలే" అని బీరువాలో పెట్టుకోవడం మనకి బాగా అలవాటు. అమ్మేవాళ్లకి ఇది ఇంకా ప్రమాదం. యాక్సిడెంటు జరిగితే, బండి ఎన్ని చేతులు మారినా రిజిస్ట్రేషన్‌లో పేరున్న ఓనరే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. లోను తీరిందంటే సరిపోదు, ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి మీద బ్యాంకు హక్కు) తీసేశారా చూడాలి, లేకపోతే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 ఉండాలి. పెండింగ్ చలానాలు నంబరు కొట్టి చూసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా పదో పదిహేనో వేలు మన దగ్గరే ఉంచుకోవాలి. అది తర్వాత ఇస్తానంటే ఒప్పుకోని కన్సల్టెన్సీ ఉంటుంది, ఇంకో కన్సల్టెన్సీ కూడా ఉంటుంది.

బాబాయ్ బేరమాడి 2.32కి తెచ్చాడు. ఇందులో నా ప్రమేయం లేదు, నలభై ఏళ్లు తెనాలి మార్కెట్లో కూరగాయలు కొన్న అనుభవం ఆయనది. ఆటోనగర్‌లో నాలుగు టైర్లు, బ్యాటరీ, లోయర్ ఆర్మ్‌లు, రేడియేటర్ పైపులు, ఆయిళ్లన్నీ మార్పించేసరికి 38 వేలయింది. మొదటి ఏడాది రిపేర్ల కోసం నేను విడిగా పెట్టమన్న యాభై వేలలో పన్నెండు వేలు ఇంకా మిగిలాయి. క్లచ్ ఇంకో ఏడాది లాగుతుందట. డోరు మీద చిన్న సొట్ట ఉంది, అది తీయించొద్దంటున్నాడు. పెయింటు వేయిస్తే రేపు అమ్మేటప్పుడు యాక్సిడెంటు బండి అనుకుంటారట.